కాష్మోరా ఎవరింటి మీదికి?

తెలుగు సాహిత్య సభల్లో యండమూరి వీరేంద్రనాథ్ పేరు ఎత్తితే ఇప్పటికీ కొందరు మొఖం చిట్లిస్తారు. 'కమర్షియల్ రచయిత' అనే ముద్ర ఒకటి కొట్టేసి, ఇక మాట్లాడేదేమీ లేనట్టు పక్కకు జరుగుతారు. ఆ ముద్ర అబద్ధమని మేం అనడం లేదు. అయితే లక్షల మంది చదివిన రచయితను ముద్రతో వదిలించుకుంటే ఆ లక్షల మందినీ వదిలించుకున్నట్టే అవుతుంది. ఆ చదివినవాళ్ళలో ముస్లింలం మేమూ ఉన్నాం. పెగడపల్లిలో, జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో బీడీల చాటల ముందు, సాంచాల చప్పుడు మధ్య, బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల షాపుల్లో ఆయన నవలలు చేతులు మారాయి. అందుకే ఈ సంకలనంలో ఆయన గురించి మాట్లాడటం దారి తప్పడం కాదనుకుంటున్నాం. అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం ఏం రాశామన్నదొక్కటే లెక్కకు రాదు. ఏం చదివి పెరిగాం, దేనికి భయపడటం నేర్చుకున్నాం, ఎవర్ని చూసి భయపడాలని మనకు చెప్పారు – ఇవన్నీ లెక్కలోకి రావాలి.

ముందు ఆయన చేసిన పని ఏమిటో చూద్దాం. 1960, 70లలో వారపత్రికల సీరియళ్ళను రచయిత్రులు ఏలారు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటివాళ్ళ నవలల కోసం ఆడవాళ్ళు వారం వారం ఎదురుచూసేవాళ్ళు. అక్కడ ప్రేమ, పెళ్ళి, అపార్థం, మేడ, కారు. భయం వేరే అంగడి సరుకు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు చిన్న సైజులో, మగపిల్లల జేబుల్లో తిరిగేవి. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' వచ్చాక ఈ రెండు అంగళ్ళ మధ్య గోడ కూలిపోయింది. భయం తిన్నగా వంటింట్లోకి, పడగ్గదిలోకి, పిల్లల ఊయల దగ్గరికి వచ్చింది. దాని కొనసాగింపుగా 'తులసి', ఆ తర్వాత 'అష్టావక్ర', 'రాక్షసుడు', 'మరణ మృదంగం' ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సినిమాలూ అంతే. 1983లో 'అభిలాష', 1984లో 'ఛాలెంజ్', 1986లో 'రాక్షసుడు', 1988లో 'మరణ మృదంగం'. ఒక దశాబ్దం పాటు తెలుగువాడి ఉత్కంఠకు ఆయనే కొలత.

'తులసిదళం' కథ మనలో చాలామందికి తెలిసిందే. శ్రీధర్, శారద అనే మధ్యతరగతి దంపతులు. వాళ్ళ కూతురు తులసి. ఆ పసిపిల్ల పేరున ఆస్తి వచ్చే ఏర్పాటు జరుగుతుంది. పిల్ల లేకపోతే ఆ ఆస్తి మరోచోటికి పోతుంది. అందుకోసం మంత్రగాడు కాద్రా చేత ఆ పిల్ల మీద క్షుద్రప్రయోగం చేయిస్తారు. ఆ ప్రయోగం పేరే కాష్మోరా. పిల్ల శరీరం మీద రోజురోజుకూ బాధ పెరుగుతుంటుంది. ఒకపక్క డాక్టర్లు, మానసిక శాస్త్రం, హిప్నాటిజం. ఇంకోపక్క మంత్రం, ప్రతిమంత్రం. జరిగిన ప్రతిదానికీ రెండు కారణాలు చెప్పుకోవచ్చు. ఏ కారణం నమ్మాలో రచయిత తేల్చి చెప్పడు. పాఠకుడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టి చివరిదాకా ఊగుతాడు.

ఈ ఊగిసలాట యండమూరి కనిపెట్టింది కాదు. విలియం పీటర్ బ్లాటీ 'ది ఎగ్జార్సిస్ట్' నవల 1971లో, సినిమా 1973లో వచ్చాయి. అక్కడా ఒక ఆడపిల్ల, ఒక తల్లి, చేతులెత్తేసిన డాక్టర్లు, చివరికి చర్చి ఫాదర్లు. ఆ పోలిక చాలామంది చూపెట్టారు. ఫ్రెంచి దేశంలో ఉండి రాసిన విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ 1970లోనే ఈ రకం సాహిత్యానికి ప్రాణం పాఠకుడి సందేహమేనని తేల్చాడు. దయ్యం నిజమేనని తేలితే అది అద్భుత కథ అయిపోతుంది. దయ్యం భ్రమేనని తేలితే అది మామూలు కథ అయిపోతుంది. రెండింటి మధ్య నిలబెట్టినంతసేపే ఆ వణుకు. యండమూరి ఈ సూత్రాన్ని తెలుగింటికి కొలిచి కుట్టాడు. చార్టర్డ్ అకౌంటెంటుగా జమాఖర్చులు సరిచూసినవాడు కదా, మంత్రం ఖాతాలో ఎంత వేస్తే శాస్త్రం ఖాతాలోనూ అంతే వేశాడు.

ఇక్కడే రంగనాయకమ్మ గారు అడ్డం తిరిగారు. 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆ గొడవ కోర్టు మెట్లూ ఎక్కింది. మంత్రానికీ శాస్త్రానికీ సమాన మర్యాద ఇవ్వడమంటే మంత్రాన్ని గెలిపించడమే. ఈ మాట మాకూ ఒప్పుదలే. బాణామతి, చేతబడి పేరు మీద మనుషుల్ని కొట్టి పళ్ళు పీకే ఊళ్ళున్న దేశంలో "ఏమో, ఉండొచ్చు" అనే మాట అమాయకమైన మాట కాదు. అయితే ఆ చర్చ అంతా 'పాఠకుడు దయ్యాన్ని నమ్ముతాడా, నమ్మడా' అనే దగ్గర ఆగిపోయింది. మేం పెగడపల్లి నుంచి చదివినప్పుడు మాకు తట్టే ప్రశ్న వేరు. నవలలో కీడు ఎటునుంచి ఎటు పోతుంది? ఎవరు ఎవరికి భయపడతారు? ఊళ్ళో ఎవరు ఎవరికి భయపడతారు? ఈ రెండూ ఒకటేనా?

నవలలో భయపడేది నగరంలోని చదువుకున్న కుటుంబం. భయపెట్టేది ఆ కుటుంబానికి తెలియని చోట ఉండే, వాళ్ళలాగా బట్ట కట్టని, వాళ్ళలాగా మాట్లాడని మంత్రగాడు. అంటే కీడు బయటినుంచి లోపలికి, కింది నుంచి పైకి వస్తుంది. ఊళ్ళో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. మా దిక్కు బాణామతి చేశాడని పేరు పడేది ఎవరి మీద? భర్త చచ్చిపోయిన ముసలమ్మ మీద. ఊరికి వచ్చి బతుకుతున్న ఎరుకల కుటుంబం మీద. మాదిగవాడలో నాటుమందు ఇచ్చే ముసలాయన మీద. తాయెత్తులు కట్టే బీద ఫకీరు మీద. దొర మీద ఎప్పుడన్నా పడిందా? పటేలు మీద పడిందా? 2022 జనవరిలో జగిత్యాల టి.ఆర్.నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ అతని ఇద్దరు కొడుకుల్నీ కులసంఘం సమావేశం దగ్గరే చంపేశారు. పట్టపగలు, అందరి ముందు. ఆ రోజు ఎవరి మీద కాష్మోరా పడినట్టు? చచ్చిపోయినవాళ్ళను జనం మంత్రగాళ్ళన్నారు. చంపినవాళ్ళు బాధితులమనుకున్నారు. నవల చదివే పాఠకుడు ఎప్పుడూ శ్రీధర్ ఇంట్లోనే కూర్చుని ఉంటాడు. మంత్రగాడని పేరు పడ్డవాడి గుడిసెలో ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో రాసిన హారర్ నవల మాకు ఆ అద్దె షాపుల్లో దొరకలేదు. అసలైన హారర్ ఆ గుడిసెలో ఉంది.

అయినా ఒక న్యాయం యండమూరికి చెయ్యాలి. ఆయన నవలలో మంత్రం ఊరికే రాదు. దాని వెనక ఆస్తి ఉంది. పిల్లను చంపాలనుకున్నవాడికి దేవుడి మీదా దయ్యం మీదా మోజు లేదు, డబ్బు మీద ఉంది. కాద్రా చేతిలో బొమ్మ, సూదులు కనబడతాయి. వాటి వెనక ఒక వీలునామా ఉంది. ఇది ఆ నవలలో అన్నిటికన్నా నిజమైన సంగతి. పాఠకులు సూదుల్ని గుర్తుపెట్టుకుని వీలునామాను మర్చిపోయారు. ఊళ్ళల్లో బాణామతి తగాదాను ఒక్కొక్క పొరా విప్పి చూడండి. అడుగున గెట్టు పంచాయతీ ఉంటుంది. తిరిగిరాని అప్పు ఉంటుంది. దుబాయి పోయి వచ్చినోడు కట్టిన స్లాబు ఇల్లు, దాన్ని చూసి పాలివాడి కడుపుమంట ఉంటుంది. పిల్లకు జరం వస్తే దవాఖానకు చూపించే తాహతు లేక, ఆ కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి కావాల్సి వస్తుంది. 'తులసిదళం' చదివినవాడు మంత్రం దగ్గర ఆగకుండా ఆ వీలునామా దాకా పోయి ఉంటే, ఆ నవల గంజాయి దమ్ము కాక మందు కూడా అయ్యేది. రచయిత ఆ దారి చూపెట్టి, తానే ఆ దారిన ఎక్కువ దూరం నడవలేదు. నడిస్తే వణుకు తగ్గుతుంది, వారపత్రిక అమ్మకం తగ్గుతుంది.

కాలాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీలు వేలమంది కదిలి జైత్రయాత్ర చేశారు. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తెలుగు పాఠకలోకం తులసికి ఏమవుతుందోనని వారం వారం గుండె పట్టుకున్న రోజుల్లో ఈ రెండు తాలూకాల్లో పొద్దుగూకితే పోలీసు జీపు చప్పుడుకు గుండె పట్టుకున్నారు. తలుపు కొట్టింది అన్నలో, పోలీసులో తెలియని రాత్రులవి. దానికన్నా సస్పెన్సు ఎవరు రాయగలరు? గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తరాల భయం ఒకటి, ఆ భయం పోగొట్టుకున్నందుకు వచ్చిపడ్డ కొత్త భయం ఒకటి. ఈ రెండూ మా ఊళ్ళల్లో ఉండగానే, ఆ వారపత్రికలు మాత్రం మాకు శ్మశానంలో పుర్రెల భయాన్ని తెచ్చి ఇచ్చాయి. ఆయన కావాలని దాచాడని మేం అనడం లేదు. భయం గురించి రాసేవాడు ఏ భయాన్ని ఎంచుకున్నాడన్నది విమర్శకుడు అడిగితీరాల్సిన ప్రశ్న అంటున్నాం.

ఇక నయం చేయడం సంగతి. హారర్ నవలలో డాక్టరుంటాడు, మంచి మంత్రగాడుంటాడు. మా ఊళ్ళల్లో ఈ పని ఎన్నో చేతులు పంచుకున్నాయి. మగ్రిబ్ నమాజు అయ్యే యాళ్ళకు మసీదు గేటు ముందు పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. బురఖా వేసుకున్నవాళ్ళూ ఉంటారు, బొట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. నమాజు చేసి బయటికి వచ్చేవాళ్ళు ఫలక్, నాస్ సూరాలు చదువుకుని ఆ పిల్లల మొఖాన ఉఫ్‌మని ఊదిపోతారు. పైసా తీసుకోరు. పీర్ల పండగకు అలావా చుట్టూ తిరిగి, పీరు ఊదు పిల్లల నుదుట పెట్టుకునేవాళ్ళలో ముస్లింలకన్నా ఇతరులే ఎక్కువ. గాలి సోకిందన్న మనుషుల్ని తీసుకుపోయి దినాల తరబడి ఉంచేది పక్కనే ఉన్న కొండగట్టు అంజన్న దగ్గర. అక్కడికి పోయే ముస్లిం కుటుంబాలనూ మేం ఎరుగుదుం. భయం కలిసి పంచుకున్నది. దానికి మందూ కలిసి పంచుకున్నదే.

ఈ ఉమ్మడి బతుకు తెలుగు హారర్ కథల్లోకి, సినిమాల్లోకి ఎట్లా వచ్చింది? ఒకే ఒక వేషంలో వచ్చింది. పచ్చటి అంగరఖా, మెడలో పూసలు, చేతిలో నెమలీకల కట్ట, సాంబ్రాణి పొగ. పొగలోంచి 'బేటా' అంటూ ఒక ఫకీరు వస్తాడు. హీరో ఇంటికి వచ్చిన కీడును పోగొట్టి మళ్ళా పొగలోకే పోతాడు. ఆయనకు ఇల్లుండదు, పెళ్ళాం ఉండదు, పిల్లల ఫీజు ఉండదు, రేషన్ కార్డు ఉండదు. ఇది యండమూరి ఒక్కడి లెక్కలో వేయాల్సింది కాదు, ఆ మొత్తం అంగడిదే ఈ సరుకు. 1990ల తర్వాత ఆ వేషం మారింది. పొగలోంచి వచ్చిన ఫకీరు పోయి, పొగపెట్టే బాంబువాడు వచ్చాడు. పూసల దండ తీసేసి తుపాకి ఇచ్చారు. గడ్డం మాత్రం అదే. ముందటివాడు మనిషికన్నా ఎక్కువ, వెనకటివాడు మనిషికన్నా తక్కువ. పక్కింట్లో ఉండే మామూలు మనిషి ఆ రెండు కొలతల మధ్య ఎక్కడా దొరకలేదు.

ఇంత అన్నాక మన ఇంటి సంగతీ చెప్పకపోతే ఈ విమర్శకు బరువుండదు. మనలో జమాత్‌వాళ్ళు తాయెత్తు షిర్క్ అంటారు. ఊళ్ళో ఖాలాలు విన్నట్టే తలూపి, మరుసటి జుమేరాత్‌కు దర్గాకు పోతారు. ఈ వాదంలో మేం ఎవరి పక్షమన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మనసుకు వచ్చిన రోగాన్ని ఆసేబ్ అని, జిన్ను అని, గాలి అని పేరుపెట్టి మనిషిని గొలుసుతో కట్టేయడం మన దర్గాల దగ్గరా జరిగింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా పరిసరాల్లో నడిచిన ఒక ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. చనిపోయినవాళ్ళ సంఖ్య 28కి చేరింది. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. గొలుసుకు మతం లేదు. 'మంత్రమూ నిజమే కావొచ్చు' అనే నవలను విమర్శించే హక్కు మనకు రావాలంటే ఈ గొలుసు గురించి కూడా మనమే ముందు మాట్లాడాలి. ఊదడం వేరు, కట్టేయడం వేరు. ఊదినచోట ఆదరణ ఉంది. కట్టేసినచోట అధికారం ఉంది.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. మానసిక హారర్ ప్రాణమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: భయం బయట ఉందా, భయపడేవాడి మనసులో ఉందా? 'తులసిదళం'లో పిల్ల ఏడుస్తుంది, మెలికలు తిరుగుతుంది. పెద్దవాళ్ళు చుట్టూ నిలబడి ఇది రోగమా, ప్రయోగమా అని వాదించుకుంటారు. పాఠకుడికి ఆ వాదన ఉత్కంఠ. పిల్లకు మాత్రం అది నొప్పి. ఈ దృశ్యం మాకు ఎక్కడో చూసినట్టుంటుంది. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ అల్లర్ల వార్తలు వచ్చినప్పుడు, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చినప్పుడు, ఊరికి నాలుగిళ్ళో పదిళ్ళో ఉన్న ముస్లింలు రాత్రిళ్ళు దీపాలు తగ్గించుకుని కూర్చున్నారు. తెల్లారి పక్కింటివాళ్ళు, మంచివాళ్ళే, ప్రేమగానే అడిగారు: "గిక్కడ మీకేం భయమే సాయిబూ? మేం లేమా?" ఆ మాటలో ప్రేమ ఉంది. ఆ మాటలోనే, నీ భయం నీ మనసులో పుట్టింది, బయట ఏమీ లేదు అనే తీర్పు కూడా ఉంది. భయానికి కారణం చూపెట్టమని భయపడినవాడినే అడుగుతారు. చూపెడితే రెచ్చగొడుతున్నావంటారు. చూపెట్టకపోతే భ్రమ అంటారు. మైనారిటీ బతుకు మొత్తం తొదొరోవ్ చెప్పిన ఆ సందేహంలో నిలబడి ఉంది. అద్దె పుస్తకం వాపసు ఇచ్చి పాఠకుడు బయటపడొచ్చు. మేం బయటపడలేని కథ అది.

సస్పెన్స్‌కు ఇంకో ఇరుసు అనుమానం. ఎవరు చేశారు? అందరి మీదా అనుమానం పంచిపెట్టి, చివర ఒకరి మీద నిలపడం ఆ కళ. యండమూరి ఈ కళలో ఆరితేరినవాడు. 'అభిలాష' తీసుకోండి. మరణశిక్ష రద్దు కావాలని తపించే ఒక యువ న్యాయవాది, సాక్ష్యాలు ఎంత తేలిగ్గా అబద్ధం ఆడతాయో నిరూపించడానికి తన మీద తానే హత్యానేరం వచ్చేట్టు అల్లుకుంటాడు. అనుకున్నది తప్పిపోయి, తాను అల్లిన ఉరితాడే తన మెడకు బిగుసుకుంటుంది. ఆయన నవలల్లో మేం నిండు మనసుతో మెచ్చుకునేది ఇది. నిరపరాధిని నేరస్తుడిగా చూపెట్టడానికి ఎన్ని కాగితాలు చాలో తెలుగు పాఠకుడికి ఇంత సులువుగా చెప్పిన జనరంజక నవల ఇంకోటి మాకు గుర్తు రాదు. ఆ నవల చదివి, ఆ సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు, 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక ఏం చేశారు? నమాజుకు వచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయిందీ ముస్లిం యువకుల్నే. వాళ్ళ మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలబడలేదు. వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. 'అభిలాష' హీరో తన మీదికి కేసు తానే తెచ్చుకున్నాడు. వీళ్ళకు ఆ శ్రమ అవసరం లేకపోయింది, పేరు చాలింది. కల్పనలో నిరపరాధి కోసం కన్నీళ్ళు పెట్టుకున్న పాఠకుడు పత్రికలో వచ్చిన పేరు చూడగానే 'నిప్పు లేనిదే పొగ రాదు' అనేశాడు. నవల నేర్పిన పాఠం పుస్తకం మూయగానే ఎట్లా ఎగిరిపోయింది? హీరోకు ఏ పేరు పెడితే పాఠకుడు నమ్ముతాడో అంగడికి తెలుసు కనుక. ఆ పేర్ల పట్టీలో మన పేరు లేదు కనుక.

యండమూరి ప్రయాణంలో ఇంకో మలుపుంది. దయ్యాల నుంచి ఆయన క్రమంగా మనసులోకి నడిచాడు. 'వెన్నెల్లో ఆడపిల్ల'లో దయ్యం లేదు, హత్య లేదు. ఒక చదరంగం ఆటగాడు, ఫోనులో ఒక గొంతు, ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలనే ఆరాటం – అంతే. కన్నడిగులు దాన్ని 1995లో 'బెళదింగళ బాలె'గా తీసుకున్నారు. 'అంతర్ముఖం' మనిషి తనలోకి తాను చూసుకునే నవల. ఆ తర్వాత 'విజయానికి ఐదు మెట్లు'. భయపెట్టినవాడే ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు దీన్ని వింతగా చూస్తారు. మాకు వింత అనిపించదు, రెండింటి అడుగునా ఒకే నమ్మకం ఉంది. భయం నీలోనే ఉంది, గెలుపూ నీలోనే ఉంది, నీ మనసును సరిచేసుకో – ఇదే ఆ నమ్మకం. పరీక్షకు భయపడే పిల్లవాడికి, పదిమందిలో మాట్లాడలేని అమ్మాయికి ఈ మాట నిజంగా సాయపడింది. జగిత్యాల హాస్టళ్ళలో చదువుకున్న మన పిల్లలూ ఆ పుస్తకం పట్టుకుని ఇంటర్వ్యూలకు పోయారు. కానీ పేరు చెప్పగానే అద్దెకు ఇల్లు లేదన్నవాడి ముందు ఎన్ని మెట్లు ఎక్కితే విజయం వస్తుంది? కొన్ని భయాలకు మనసులో వేరు ఉంటుంది. కొన్నింటికి బయట, గోడకు కొట్టిన నేమ్‌ప్లేటులాగా స్పష్టమైన చిరునామా ఉంటుంది. రెండో రకానికి మొదటి రకం మందు ఇస్తే రోగి తననే తాను తప్పుబట్టుకుంటాడు.

అయినా ఈ రచయితకు మేం బాకీ ఉన్నాం. ఆ బాకీ ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. మా ఇళ్ళల్లో మాట దక్కనీ ఉర్దూ. బడిలో తెలుగు. బడి తెలుగు అప్పగించుకోవడానికి పనికొచ్చింది గానీ మనసు పట్టలేదు. తెలుగులో వెయ్యి పేజీలు ఏకబిగిన చదివించిన మొదటి పుస్తకం మాలో చాలామందికి ఇటువంటి నవలే. బీడీలు చుట్టే ఆడవాళ్ళలో చదువొచ్చిన పిల్లను మధ్యలో కూర్చోబెట్టి సీరియల్ చదివించుకునేవాళ్ళు. ఆమె వంతు ఆకు మిగతావాళ్ళు కత్తిరించి, ఆమె వంతు బీడీలు మిగతావాళ్ళు చుట్టి పెట్టేవాళ్ళు. చదివే పిల్ల పుస్తకం మూస్తే "బచ్చీకు క్యా హువా మా?" అని ఒక ఖాలా, "పోరి బతుకుతదా సస్తదా చెప్పి పో" అని పక్కింటి పద్మశాలి అక్క. తులసి కోసం రెండు భాషల్లో భయపడ్డ చాట అది. సాహిత్య చరిత్రలో ఆ చాటకు చోటు లేదు. ముస్లింవాద సాహిత్యం 1990లలో 'పుట్టుమచ్చ'తో, 'జల్‌జలా'తో గొంతెత్తినప్పుడు ఆ గొంతులో పలికిన తెలుగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని తడి కొంత ఈ చాట దగ్గరిదే. కాకపోతే ఆ నవల మాకు తెలుగు ఇచ్చింది, తెలుగులో మమ్మల్ని ఇవ్వలేదు. పక్కింటి అక్కా, ఖాలా కలిసి భయపడ్డారు. వాళ్ళు భయపడిన ఇంట్లో మాత్రం ఖాలా లేదు.

మరి ఏం కావాలి? హారర్ వద్దు, సస్పెన్స్ వద్దు, సీరియస్ సాహిత్యమే రాయండి అని మేం ఎవరికీ చెప్పబోవడం లేదు. ఆ చెప్పుడు మాటల వల్లే జనం చదివే పుస్తకం ఒక దిక్కుకు, మనం రాసే పుస్తకం ఇంకో దిక్కుకు పోయాయి. మన కథకులు వేదన రాశారు, ఆకలి రాశారు, అవమానం రాశారు. మంచి కథలు వచ్చాయి. ఉత్కంఠను మాత్రం అంగడికి వదిలేశారు. మన బతుకుల్లో దానికి కరువా? కోరుట్లలో భర్త సౌదీకి పోయిన ఇల్లాలికి ఒకప్పుడు టేపు క్యాసెట్ మీద గొంతు వచ్చేది. తర్వాత ఫోను వచ్చింది. నెల రోజులు ఫోను రాకపోతే ఆ ఇంట్లో ప్రతి చప్పుడూ హారరే. ఫోను ఎత్తేది కఫీలో, జైలో, దవాఖానో, శంషాబాదుకు వస్తున్న పెట్టె సంగతి చెప్పేవాడో తెలియదు. ఆమె పక్కింటామెకు అదే భయం, అదే దేశం, ఇంకో మతం. దీన్ని సస్పెన్స్ నవలగా రాయడానికి దయ్యం అక్కర్లేదు. మంత్రగాడని పేరు పడిన మనిషి గుడిసెలోంచి ఊరిని చూసే నవల రావాలి. పట్టుకుపోయిన కొడుకు మీద ఉన్న సాక్ష్యాన్ని ఒక్కొక్క కాగితమూ విప్పిచూసే తల్లి కథ రావాలి, 'అభిలాష' అంత బిగువుగా, ఆ అద్దె షాపు పాఠకుడు రాత్రంతా కూర్చుని చదివేట్టుగా.

ఆ బిగువు ఎట్లా కట్టాలో యండమూరి దగ్గర నేర్చుకోవచ్చు. ప్రతి అధ్యాయం చివర పాఠకుడి చొక్కా ఎట్లా పట్టుకోవాలో, మంత్రం వెనక వీలునామాను ఎక్కడ దాచాలో ఆయనకు తెలిసినంత తక్కువమందికి తెలుసు. ఏ ఇంట్లో కూర్చుని భయపడాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. శ్రీధర్ ఇంట్లో ఇప్పటికే చాలాకాలం కూర్చున్నాం. కాష్మోరా ఆ ఇంటి మీదికి పోయిన రాత్రులు పుస్తకాల్లో ఉన్నాయి. మా ఇళ్ళ మీదికి, మా పక్కిళ్ళ మీదికి వచ్చిన రాత్రులు ఇంకా రాయాల్సి ఉంది.